బుధవారం, మోజి రేవు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ రేవులో
కర్రీ కాలుస్తున్నాను.
అన్నం మీద కర్రీ, కర్రీ మీద చీజ్,
నడుమ ఒక గుడ్డు పగలగొట్టి
ఓవెన్‌లోకి తోసి
పైన పొక్కులు లేచి మాడీ మాడని రంగు తిరిగేదాకా
అద్దం తలుపు ముందు నిలబడటం.
రోజూ నేను చూసే సముద్రం
ఆ బుడగలు వేసేదే.

ఈ బుధవారం కొట్టుకి తాళం వేసి
మా ఊరికి నేనే యాత్రికురాలినై బయల్దేరాను.
మెళ్లో కెమెరా లేదు,
మా అమ్మాయి వదిలేసిన టోపీ ఉంది నెత్తిన.

వచ్చినవాళ్లంతా స్టేషన్ దగ్గరే మొదలుపెడతారు కదా,
నేనూ అక్కడికే పోయి
ఏ రైలూ దిగకుండా, దిగినట్టు బయటికి వచ్చాను.
చెక్క గోడలు. పక్కన ఒక కుళాయి.
యుద్ధం ముగిశాక ఓడ దిగినవాళ్లు
తొలిసారి నోరు తడుపుకున్న నీళ్లట, పలకమీద రాసుంది.
ఉల్లిపాయల బస్తా భుజాన వేసుకుని
దీని పక్కనుంచే ఎన్ని వేలసార్లు పోయానో.
ఇవాళ దోసిలి పట్టాను.
మామూలు నీళ్లే. చల్లగా ఉన్నాయి.

సందు మొగలో కువనో తాత
కర్రతో బల్ల బాదుతూ అరటిపళ్లు అమ్ముతున్నాడు.
ఒకప్పుడు తైవాన్ నుంచి వచ్చే పడవల్లో
దారిలోనే పండిపోయిన గెలలు,
పండు నల్లబడేలోగా మాట పండాలి,
అదీ ఆ పాటంతటి కిటుకు.
ఎనభై దాటినా గొంతులో జీర లేదు.
నన్ను గుర్తుపట్టి కూడా
"దూరం నుంచి వచ్చావు తల్లీ, నీకైతే సగం ధర!" అన్నాడు.
కొన్నాను. నవ్వు ఆపుకోలేక
డబ్బులు తక్కువిచ్చాను.

నీలం వంతెన రెండుగా విడిపోయి లేచింది,
ఒక చిన్న పడవ తల కూడా వంచకుండా పోయింది.
మళ్లీ కలిశాక మొదట దాటిన జంట
విడిపోరని చెప్పుకుంటారు ఇక్కడ.
కుర్రజంటలు ఫోటోలు తీసుకోవడంలో ఉండగా
నేనొక్కదాన్నే ముందు దాటేశాను.
ఇక నన్ను నేను వదిలే ప్రసక్తి లేదు.

ఆకలేసింది.
ఎదురుసందు కొట్టు. పదిహేనేళ్లుగా
నా గిరాకీని పంచుకుంటున్న కొట్టు.
టోపీ కిందికి లాక్కుని కూర్చున్నాను.
పళ్లెం వచ్చింది, ఇంకా కుతకుతమంటూ.
గుడ్డు సరిగ్గా నడిమధ్య లేదు, కాస్త ఎడమకి.
మొదటి ముద్దకే తెలిసింది:
ఉల్లిపాయ నాకంటే పావుగంట ఎక్కువ వేగింది.
ఎంత కోపమొచ్చిందో!
పళ్లెం అంచున అంటుకున్న చీజ్ కూడా
చెంచాతో గీకి తిన్నాను.

డబ్బిస్తుంటే చొక్కా చెయ్యి పైకి జారింది.
మోచేతికీ మణికట్టుకీ మధ్య
ఓవెన్ తలుపు వేసిన వాతలు, అడ్డగీతలు.
ఆవిడ నా ముఖం చూడలేదు, చెయ్యి చూసింది.
తన చేతిగుడ్డ మడిచింది.
అవే గీతలు. ఒకటి ఎక్కువేనేమో.
పేరు అడగలేదు, చెప్పలేదు.
చిల్లర మాత్రం పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చింది.

తర్వాత లిఫ్టులో దిగి
సముద్రం కింద నడిచాను.
కాలినడక సొరంగం, గోడకి చేపబొమ్మలు.
సగం దారిలో నేలమీద ఒక గీత,
ఇటు మా జిల్లా, అటు వాళ్లది.
గీతకి అటొక కాలు, ఇటొక కాలు వేసి
అరటిపండు వొలుచుకు తిన్నాను.
నెత్తిమీద ఏ దేశపు ఓడ పోతోందో,
చప్పుడు మాత్రం లేదు.

అవతలి ఒడ్డున ఫుగు చేపని ఫుకు అంటారు,
అదృష్టమనే అర్థం వచ్చేట్టు.
విషం ఉన్నదాన్ని ముద్దుగా పిలిస్తే
కత్తి పట్టే చెయ్యి వణకదేమో.

వెనక్కి తిరిగి చూశాను.
మా ఊరు ఇంతేనా!
అగ్గిపెట్టెలు పేర్చినట్టు గిడ్డంగులు, ఒక కొండ,
ఎక్కడుందో నా కొట్టు,
ఏ కప్పు కింద కాలుతోందో ఆవిడ గుడ్డు.
జలసంధి పక్కన కరెంటు బోర్డు చెబుతోంది,
నీటిపోటు తూర్పుకి, వేగం ఏడు.
చూస్తుండగానే ఆరు. బాణం కిందికి.
రోజుకి నాలుగుసార్లు దిక్కు మార్చుకునే నీళ్లు ఇవి,
ఎవరూ తప్పుపట్టరు.

టోపీ సర్దుకుని మళ్లీ సొరంగంలోకి దిగాను.
రేపు ఉల్లిపాయ
ఇంకో పావుగంట.